అమ్మ గొలుసు పెరిగింది

పోయిన నెల ఒక పొద్దున్నే అమ్మ వంటింట్లోంచి "గొలుసు పెరిగిందే" అని పిలిచింది. సూత్రాల గొలుసు తెగింది అనకూడదు కదా. మా ఇంట్లో గాజులూ పెరుగుతాయి, గొలుసులూ పెరుగుతాయి, దీపం కొండెక్కుతుంది. నేను వెళ్ళేసరికి గొలుసు, సూత్రాలు దేవుడి దగ్గర పళ్ళెంలో ఉన్నాయి. అమ్మ మెళ్ళో పసుపు తాడు, దానికో పసుపు కొమ్ము. నాన్న పేపరు పక్కన పెట్టి "నాకేం కాలేదే, బానే ఉన్నాను" అన్నారు. అమ్మ నవ్వలేదు.

విజయవాడ బందరు రోడ్డులో ఒక పెద్ద షోరూంకి వెళ్ళాం. పేరెందుకులెండి, ఇప్పుడు అన్నీ ఒకటే పాట. ఏసీ, కాఫీ, "కూర్చోండమ్మా". గొలుసు చూపించగానే కౌంటర్లో అబ్బాయి "రిపేర్లు తీసుకోం మేడమ్, ఎక్స్‌ఛేంజ్‌లో పెట్టేయండి" అన్నాడు. తెగిన చోటు కనీసం భూతద్దం పెట్టి చూడలేదు. క్యారెట్ మీటరు మీద పెట్టి మాత్రం చూశాడు. స్వచ్ఛత 89 శాతం చిల్లర వచ్చింది. తూకం 15.420 గ్రాములు. ఇది 1996లో కొన్న గొలుసు. అప్పటికి మన దేశంలో బంగారం స్వచ్ఛతకి ముద్ర వేసే హాల్‌మార్కింగే మొదలవలేదు, అది వచ్చింది 2000లో. కొన్నప్పుడు రెండు కాసులు, అంటే 16 గ్రాములు. మిగతాది ఇన్నేళ్ళలో రింగూ రింగూ రాసుకుని అరిగిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. నాకు కోపం వచ్చింది ఇక్కడే. మాది 22 క్యారెట్ల లెక్కకి మారిస్తే దాదాపు 15 గ్రాములు. వాళ్ళు చూపించిన కొత్త గొలుసు 16 గ్రాములు, తరుగు, అంటే తయారీలో పోయిందని మన మీద వేసే బంగారం, 12 శాతం. అంటే 1.92 గ్రాములు. 17.92 మీద 3 శాతం జీఎస్టీ వేస్తే 18.46 గ్రాముల ఖరీదు. మన 15 తీసేస్తే మిగిలేది దాదాపు మూడున్నర గ్రాములు. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము పది వేలు అనుకుంటే 34 వేల పైచిలుకు మనం జేబులోంచి కట్టాలి. దానికి మన చేతికి అదనంగా వచ్చే బంగారం ఒక్క గ్రాము. మిగతా 24 వేలు తరుగు, పన్ను. ఒక్క రింగు ఊడినందుకు!

అబ్బాయి మంచివాడే, వాడికి టార్గెట్లు ఉంటాయి, అర్థమవుతుంది. కానీ "ఇది అతుకుతుంది, బయట చేయించుకోండి" అని ఒక్క మాట చెప్పొచ్చుగా? చెప్పకపోగా "పాత గొలుసుకి టంకం నిలవదు మేడమ్" అన్నాడు. అబద్ధం. అమ్మ అప్పటికే లేచి నిలబడింది. "వన్‌టౌన్ వెళ్దాం పద."

అమ్మకి గుర్తున్న ఆచారి గారి కొట్టు శివాలయం వీధి దగ్గర సందులో ఉండేది. మేం వెళ్తే ఆయన లేరు, కాలం చేసి చాలా రోజులైందట. అదే గదిలో ఒక బెంగాలీ ఆయన కూర్చుని ఉన్నాడు. మిడ్నాపూర్ నుంచి పాతికేళ్ళ కిందట కుర్రాడిగా వచ్చాడు. తెలుగు ఎలా మాట్లాడతాడంటే, నేను బేరం మొదలుపెట్టేలోపే "కూర్చో అమ్మా, తొందరేముంది, ఎండగా ఉంది" అని వన్‌టౌన్ యాసలో అన్నాడు. అమ్మ అనుమానంగానే కూర్చుంది.

కన్నతల్లి నగలోనైనా కంసాలి ఇంత గిల్లుకుంటాడని మనవాళ్ళకి ఒక మాట ఉంది. ఆ మాట అనడం మానేస్తే బాగుండు. ఎదురుగా కూర్చోబెట్టి, తూకం చూపించి, కళ్ళ ముందే పని చేసేవాడిని దొంగ అంటాం. 12 శాతం తరుగు అని కాయితం మీద అచ్చు వేసి తీసుకునేవాళ్ళకి థాంక్స్ చెప్పి, వాళ్ళిచ్చిన క్యాలెండర్ తెచ్చుకుని గోడకి తగిలిస్తాం.

ఆయన ముందు గొలుసంతా వేళ్ళ మధ్య నెమ్మదిగా జరుపుతూ చూశాడు. కొక్కెం దగ్గర మూడు రింగులు కత్తిలా పలచబడ్డాయి. తెగింది ఒకటే గానీ, దాన్ని మాత్రం అతికితే వారంలో పక్కది పోతుందని చెప్పాడు. సూత్రాల బరువంతా లాగేది అక్కడే, జడ రాపిడి, చెమట, రాత్రి పడుకున్నప్పుడు ఒరిపిడి, అన్నీ మెడ వెనకే. మూడూ తీసేసి కొత్త రింగులు వేస్తానన్నాడు. అంతకుముందే అమ్మ చేత సూత్రాలు, నల్లపూసలు, రెండు పగడాలు తీయించేశాడు. మంట తగిలితే గాజు పూసలు చిట్లుతాయి, పగడం, ముత్యం అయితే రంగు పోయి పాడవుతాయి. ఎవరైనా అవి తీయకుండానే మంట పెట్టబోతే గొలుసు లాక్కుని వచ్చేయండి, మొహమాటపడొద్దు.

టంకం అంటే అంటించే జిగురు కాదు. అదీ బంగారమే, కాస్త వెండి, రాగి ఎక్కువ కలిపింది. మేలిమి బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. గొలుసు కరగకముందే టంకం కరగాలి కాబట్టి ఆ కలుపు. రింగు కొసలు దగ్గరకి నొక్కి, వెలిగారం (బోరాక్స్) రాసి, టంకం తునక పెట్టి, సన్నటి మంట తిప్పాడు. ఒక్క క్షణం ఆ తునక మెరిసి నీళ్ళలా సందులోకి దూరింది. అంతే. అమ్మ చిన్నప్పుడు వాళ్ళింటి అరుగు మీద కుంపటి పెట్టుకుని ఆచారి గారు ఊదుగొట్టంతో ఊదుతూ చేసిన పని ఇదేనట. ఇప్పుడు గ్యాస్ మంట, అంతే తేడా. తర్వాత పలచటి ఆమ్లంలో ముంచి, కుంకుడు రసంతో బ్రష్ పెట్టి రుద్దాడు.

పని జరుగుతుంటే అమ్మ "మాది కేడీయం బంగారం బాబూ" అని గర్వంగా చెప్పింది. ఆయన తల పైకెత్తలేదు. "ఆ కేడీయంతోనే మా మేస్త్రీ ఊపిరితిత్తులు పోయాయమ్మా" అన్నాడు. కేడీయం అంటే టంకంలో కలిపే కాడ్మియం. 321 డిగ్రీలకే కరుగుతుంది, 767కి ఆవిరవుతుంది. బంగారం పని మంటలో అది పొగై పనివాడి ముక్కులోకే పోతుంది. ఊపిరితిత్తులకీ కిడ్నీలకీ చేటు. మనం మాత్రం ఏళ్ళ తరబడి ఆ మూడు అక్షరాలని స్వచ్ఛతకి గుర్తనుకుని పేరంటాల్లో చెప్పుకున్నాం. నేనూ చెప్పుకున్నదాన్నే.

షోరూం వాళ్ళు చెప్పేది ప్రతిదీ తప్పని అననులెండి. లోపల బోలుగా ఉండే మెషీన్ గొలుసులు తెగితే నిజంగానే కష్టం, మామూలు మంటకి ఆ పలచటి రేకు ముడుచుకుపోతుంది. వాటికి లేజర్ అతుకు పెట్టించుకోవాలి. గొలుసు మొత్తం అరిగిపోతే అతుకులు వేస్తూ కూర్చోవడం కూడా దండగే. వన్ గ్రామ్ గోల్డ్ వాటికి మంట పెడితే పైపూత మాడిపోతుంది. ఇక కొక్కెం మీద హాల్‌మార్కు, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ ఉన్న కొత్త నగలైతే, ఆ కొక్కెమే మార్చేయకుండా చూసుకోండి. గుర్తు దాంతోపాటే పోతుంది.

వెండి సంగతి ఇంకా అన్యాయం. మా అక్క కూతురు పట్టీ తెగితే ఊళ్ళో ఎవరో ఎలక్ట్రికల్ సామాన్లు అతికే సీసం పెట్టి అతికించారు. నాలుగు రోజుల్లో ఊడింది. అది చూసి బెంగాలీ ఆయన నెత్తి కొట్టుకున్నంత పని చేశాడు. సీసం ఉన్నచోట మళ్ళీ మంట పెడితే అది వెండిని తినేస్తుంది, గుంటలు పడతాయి. ముందు దాన్నంతా గీకి తీయాలి. పైగా వెండి వేడిని చప్పున లాగేస్తుంది, ఒక్క చోటే వేడి చేస్తానంటే కుదరదు, పట్టీ అంతా కాగాలి. అందుకే ఎక్కువ పని, తక్కువ డబ్బు, ఎవరూ ముట్టుకోరు. "వెండి పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అనే కొట్టే ఎక్కడైనా. ఈయన మాత్రం సోమవారం రమ్మన్నాడు.

ఒక్కటి మాత్రం దయచేసి వినండి. గుమ్మం ముందుకొచ్చి "మెరుగు పెడతాం, చిన్న అతుకులు వేస్తాం" అనేవాళ్ళకి బంగారం ఇవ్వొద్దు. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలిపితే బంగారం కరుగుతుంది. నగ తళతళలాడుతూ తిరిగొస్తుంది, తూకం మాత్రం వాళ్ళ గిన్నెలో ఉండిపోతుంది.

మా పనికి గంటన్నర పట్టింది. కూలీ 350, కలిపిన బంగారానికి 600. మొత్తం 950 రూపాయలు. నేను వెయ్యి ఇస్తే యాభై వెతికి మరీ తిరిగిచ్చాడు. గొలుసు ఇచ్చేముందు కాటా మా వైపు తిప్పాడు. 15.480.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ అంకె రెండుసార్లు చదువుకుంది. అప్పుడు నవ్వింది. "ఇప్పుడు నిజంగా పెరిగిందే" అంది.