సవరణ: ఫోర్డ్‌ను 6 నుంచి 12 వోల్టులకు మార్చేటప్పుడు

1949–51 ఫోర్డ్ కూపేలు, సెడాన్ల వైరింగ్ గురించి ముందు పెట్టిన పోస్టులో "బ్యాటరీ, ఆల్టర్నేటర్ మారిస్తే చాలు, ఎర్త్ ఉన్నట్టే ఉంచండి" అని ఉంది. దయచేసి అలా చేయకండి. ఈ కార్లకు ఫ్యాక్టరీ నుంచే పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను కారు బాడీకి కలిపి ఉంటారు. మామూలుగా దొరికే ఆల్టర్నేటర్లకు (బ్యాటరీని ఛార్జ్ చేసేవి) నెగెటివ్ ఎర్త్ కావాలి. తిరగేసి కలిపారో, లోపలి డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేవి) అక్కడికక్కడే కాలిపోతాయి. బ్యాటరీ నెగెటివ్‌నే బాడీకి బిగించండి. అప్పుడు అమ్మీటర్ (ఛార్జింగ్ కరెంటు చూపే మీటర్) ముల్లు ఉల్టా కొడుతుంది, దాని వైరు దిశ మార్చాలి. 12 వోల్టుల ఇగ్నిషన్ కాయిల్ వేసి, దాని నెగెటివ్ టెర్మినల్‌ను డిస్ట్రిబ్యూటర్‌కు (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) కలపండి.

డ్యాష్‌బోర్డు మీటర్లన్నిటికీ కలిపి వోల్టేజీ తగ్గించే రెసిస్టర్ ఒకటే పెట్టమన్న ఆ పోస్టులోని సలహా కూడా పనికిరాదు. పెట్రోలు మీటర్ లాగే కరెంటు ట్యాంకు మట్టాన్ని బట్టి మారుతుంది, దాంతో వోల్టేజీ మారి పక్కనున్న టెంపరేచర్ ముల్లు కూడా కదులుతుంది. 6 వోల్టులు నిలకడగా ఇచ్చే రెగ్యులేటరే పెట్టాలి.

బల్బులు, ఫ్లాషర్ (ఇండికేటర్లను మినుకుమనిపించేది) మార్చక తప్పదు. పాత స్టార్టర్ ఉంచుకోవచ్చు, కానీ తిప్పడం కొద్ది సెకన్లే, ఆపి చల్లారనివ్వాలి. లావు బ్యాటరీ కేబుళ్లు మాత్రం తీసేయకండి, వాటితో నష్టమేమీ లేదు. 6 వోల్టుల్లోనే ఉండేవాళ్లకైతే అవి తప్పనిసరి.

ఆ కాలపు షెవ్రొలెలకు ఎర్త్ మార్చే పని లేదు: వాటికి ఫ్యాక్టరీ నుంచే నెగెటివ్ ఎర్త్, 1955లో 12 వోల్టులు కూడా వచ్చేశాయి.