అమ్మ రిపోర్టు ఎక్కడ?

నిన్న ఉదయం డాక్టరు గది బయట కూర్చుని, అమ్మ రక్తపరీక్ష రిపోర్టు కోసం ఫోనులో మెయిల్ తెరిచాను. చదవనివి 11,408. చీరల తగ్గింపు, క్రెడిట్ కార్డు, మూడేళ్ల క్రితం ఒక్కసారి చెప్పులు కొన్న దుకాణం పండుగ శుభాకాంక్షలు. వేలితో పైకి తోస్తూనే ఉన్నాను. అమ్మ పేరు పిలిచారు. రిపోర్టు దొరకలేదు. మా వంతు దాటిపోయింది.

ఒక జత చెప్పులు కొన్నంత మాత్రాన రోజూ నా తలుపు తట్టే హక్కు వీళ్లకు ఎవరిచ్చారు? వద్దని చెప్పే లింకు అట్టడుగున, తెలుపు మీద బూడిద రంగు అక్షరాల్లో, కళ్లజోడు పెట్టుకున్నా కనబడదు. నొక్కితే లాగిన్ అవమంటుంది, కారణం చెప్పమంటుంది! జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారు తమ ప్రకటనలను ఒక్క నొక్కుతో ఆపుకునే వీలివ్వాలని గూగుల్ 2024లోనే నిబంధన పెట్టింది. అడిగిన రెండు రోజుల్లో ఆపాలి కూడా. ఆ మాత్రం మర్యాద పాటించడానికి ఏం కష్టం?

ఉచితంగా దొరికే 15 జీబీ జాగాలోనే మెయిళ్లు, ఫోటోలు రెండూ సర్దుకోవాలి. అంటే మా పిల్లల ఫోటోల చోటును ఈ చెత్త తింటోంది.

రాత్రి కూర్చుని, పంపినవారి పేరుతో వెతికి, ఒక్కో దుకాణానివి మొత్తంగా చెరిపేశాను. చెప్పుల దుకాణానివే 612. ఆస్పత్రి మెయిళ్లకు వేరే లేబుల్ పెట్టాను. రిపోర్టు అప్పుడు దొరికింది, ప్రకటనల విభాగంలో, రెండు బిర్యానీ ఆఫర్ల మధ్య.