సవరణ: కోజెత్‌కి బొమ్మ చెక్కబూటులో దొరకలేదు

పిల్లల కోసం నేను తిరగరాసిన క్రిస్మస్ కథలో, సత్రంలో చాకిరీ చేసే చిన్నపిల్ల కోజెత్‌కి, తెల్లారి లేచేసరికి క్రిస్మస్ కానుక కోసం పొయ్యి దగ్గర పెట్టుకున్న చెక్కబూటులో బొమ్మ కనిపించిందన్నాను. తప్పు, క్షమించండి. విక్టర్ హ్యూగో నవల 'లే మిజరబుల్స్' (1862)లో, 1823 క్రిస్మస్ ముందురాత్రే ఆ సత్రంలో దిగిన బాటసారి జాఁ వల్జాఁ ఎదురు దుకాణం నుంచి ఆ బొమ్మ తెచ్చి ఆమె ముందు నిలబెడతాడు. చెక్కబూటులో వేసింది బంగారు నాణెం.

ఇది చిన్న తేడా కాదు. అప్పటిదాకా ఆ ఎనిమిదేళ్ల పిల్ల చిన్న సీసపు కత్తికి గుడ్డపేలికలు చుట్టి జోకొట్టుకుంటోంది. గులాబీ గౌను, అసలు జుట్టు ఉన్న బొమ్మ కళ్లెదుట నిలిస్తే ముట్టుకోవడానికే భయపడింది. ఆ భయమే కథకు ప్రాణం, నేను దాన్నే పోగొట్టాను. తర్వాత ఆ బొమ్మకి కేథరిన్ అని పేరు పెట్టుకుంది. ఇప్పటికే పిల్లలకు చదివి వినిపించినవాళ్లు దయచేసి ఈ ముక్క కూడా చెప్పండి.