పచ్చిక పరిచే ముందు మట్టిని పరీక్షించండి

పాత ఫ్యాక్టరీ స్థలాన్ని పార్కుగా మార్చడమంటే షెడ్లు కూల్చి, నాలుగు లారీల ఎర్రమట్టి తోలించి, మొక్కలు నాటి, రిబ్బన్ కత్తిరించడమే అనుకునే పాలకులు అమెరికాలోని సియాటిల్‌ నగరంలో ఉన్న గ్యాస్ వర్క్స్ పార్కు చరిత్రను తప్పక తెలుసుకోవాలి.

లేక్ యూనియన్ అనే సరస్సు ఉత్తరపు ఒడ్డున 1906 నుంచి 1956 వరకు మొదట బొగ్గుతోనూ, తర్వాత చమురుతోనూ గ్యాస్ తయారు చేసిన ఆ ప్లాంటు, మూతపడే నాటికి నేలలోకి తారునూ, బెంజీన్ అనే విషరసాయనాన్నీ ఇంకించి పోయింది. నగరం ఆ స్థలాన్ని 1962లో కొన్నది. పార్కు రూపకల్పన చేపట్టిన రిచర్డ్ హాగ్ ప్లాంటులోని తుప్పుపట్టిన ఇనుప గోపురాలను ఉంచి తీరాలని పట్టుబట్టాడు. పార్కు కోసం పాటుపడిన కౌన్సిల్ సభ్యురాలు మిర్టిల్ ఎడ్వర్డ్స్ పేరు దీనికి పెట్టాలనుకున్నా, ఆ ఇనుప సామాను మిగిలే చోటికి ఆమె పేరు వద్దని కుటుంబం చెప్పింది. వారి మనోవేదన నాకు అర్థమవుతుంది. అయినా నేను హాగ్ పక్షమే, ఎందుకంటే ఆ గోపురాలు కనిపిస్తున్నంత కాలం ఈ గడ్డి కింద ఏముందని అడిగేవాళ్లు ఉంటారు.

మట్టి విషయంలోనూ ఆయన తొందరపడలేదు. మురుగుశుద్ధిలో మిగిలిన బురదనూ, రంపపు పొట్టునూ కలిపి దున్నించి, చమురును తినే సూక్ష్మజీవులను నేలలోనే పెంచే మార్గాన్ని ఎంచుకున్నాడు. పునాదుల శిథిలాలను పోగుచేసి పైన మంచి మట్టి కప్పగా ఏర్పడిన గుట్టే నేడు పిల్లలు గాలిపటాలు ఎగరేసే కైట్ హిల్. కంప్రెసర్ల భవనంలోని చక్రాలకూ గొట్టాలకూ రంగులు వేసి దాన్ని ఆటల షెడ్డుగా మార్చారు.

1975లో తెరిచిన పార్కును 1984లో కాలుష్య భయంతో కొంతకాలం మూయవలసి వచ్చింది. సరస్సు అడుగున పేరుకున్న విషం నేటికీ పూర్తిగా తొలగలేదు కనుక అక్కడ నీటిలో దిగడం నిషేధం. ఆ నిషేధాన్ని దాచకుండా చెప్పడాన్నే నేను అన్నిటికన్నా మెచ్చుకుంటాను. అయితే గోపురాలెక్కి జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. కట్టడాలను ఉంచాలనే నాలాంటివాళ్లమే వాటి నిచ్చెనలనూ మెట్లనూ తొలగించమని ముందుగా అడగాలి.

హైదరాబాద్‌లో బాలానగర్, సనత్‌నగర్, ఆజామాబాద్ వంటి పాత పారిశ్రామికవాడల భూములను ఏం చేయాలన్న చర్చ చదరపు గజం ధర దగ్గరే ఆగిపోతోంది. అక్కడ అపార్టుమెంట్లు కట్టినా, పార్కులు వేసినా, మొదట మట్టినీ భూగర్భజలాన్నీ పరీక్షించి, ఆ ఫలితాలను చుట్టుపక్కల బస్తీలవాళ్లకు అర్థమయ్యే తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. శుద్ధి ఖర్చును ఇన్నేళ్లు లాభం తీసుకున్న యాజమాన్యాల నుంచే రాబట్టాలి. ఆ పొగను పీల్చిన బస్తీలకు నడిచి వెళ్లేంత దూరంలోనే పచ్చని స్థలం కేటాయించాలి.