ఎర్ర తివాచీ సరే, సినిమా చూశారా?

ఏటా మే నెల సగానికి, ఫ్రాన్సులోని కేన్స్ ఊళ్ళో సినిమా ఉత్సవం మొదలయ్యేసరికి, పరాయి దేశంలో ఉన్న మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో రెండు రకాల ఫొటోలు మొదలవుతాయి. ఏ హీరోయిన్ ఏ గౌను వేసుకుని ఎర్ర తివాచీ మీద నడిచిందన్నది ఒకటి. రెండోది ఏదో ఒక సినిమా పోస్టరు, దాని నెత్తిన ఎంపికకి గుర్తుగా వేసే రెండు ఆకుకొమ్మల మధ్య ఊరి పేరు, కింద ఎవరో ఒకరి మాట: "మన సినిమా కేన్స్‌కి వెళ్ళిందండీ, గర్వపడాల్సిన రోజు!" ఆ వెంటనే చప్పట్లు, దండాలు వరుస కడతాయి. నేనూ ఒక దండం పడేసేవాణ్ణే. (రాసేది కేన్స్ అయినా పలకాల్సింది కాన్ అని తెలిసిన దగ్గర్నుంచి ఆ ఒక్క విషయంలో మాత్రం కాస్త పెద్దరికం వెలగబెడుతున్నాను.)

ఈమధ్య దండం పెట్టేముందు ఒక ప్రశ్న వేస్తున్నాను. అందుకే గ్రూపులో నాకంత మంచి పేరు లేదు. వెళ్ళింది సరే, ఏ గుమ్మంలోంచి వెళ్ళింది?

కాన్‌లో ఉత్సవ భవనం ఒకటే గానీ లోపలికి దారులు చాలా ఉన్నాయి. ముందువైపు 24 మెట్లు, వాటి మీద ఆ ఎర్ర తివాచీ, పైన రెండు వేల మందికి పైగా పట్టే లూమియేర్ హాలు. ప్రధాన పోటీకి ఎంపికైన సినిమాలు ఆడేది అక్కడ. 2024లో అవి 22. ఆ భవనంలోనే కింద ఇంకో లోకం ఉంటుంది. అక్కడ సంత జరుగుతుంది. వెటకారం కాదు, ఫ్రెంచివాళ్ళు దానికి పెట్టుకున్న పేరే సినిమా సంత. 1959 నుంచీ నడుస్తోంది. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ వచ్చి స్టాళ్ళు పెట్టుకుంటారు, అద్దె కట్టి ఒక హాలు తీసుకుని తమ సినిమా వేసుకుంటారు. ఆ సినిమాని ఎవరూ ఎంపిక చెయ్యరు. అందులో తప్పేమీ లేదు, సినిమా అమ్ముడుపోవాలిగా. కానీ సంతలో హాలు అద్దెకి తీసుకుని కాన్‌లో ఎంపికయ్యామని పోస్టరు వేసుకోవడం, అలిపిరిలో టిఫిన్ చేసి వెనక్కొచ్చి దర్శనం బాగా అయిందని చెప్పడం లాంటిది.

ఈ రెంటికీ మధ్య, సినిమాలని నిజంగా ఎంపిక చేసే విభాగాలు ఇంకొన్ని ఉన్నాయి. అన్ సర్టెన్ రిగార్డ్, డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్, క్రిటిక్స్ వీక్, సినిమా చదువుకునే పిల్లల కోసం లా సినెఫ్. వీటిలో చోటు దొరకడం చిన్న సంగతి కాదు. 2024లో లా సినెఫ్ మొదటి బహుమతి మైసూరు నుంచి వచ్చిన చిదానంద నాయక్ తీసిన కన్నడ లఘుచిత్రానిది. ఆయన చదివింది డాక్టరీ. అదే ఏడాది అన్ సర్టెన్ రిగార్డ్‌లో ఉత్తమ నటి అనసూయా సేన్‌గుప్తా. ఆ వారం మన గ్రూపులో వీళ్ళిద్దరి పేర్లూ కనపడలేదు. గౌన్లు మాత్రం ఒక్కటీ తప్పిపోలేదు.

అదే తివాచీ మీద ఆ ఏడాది ఇరాన్ దర్శకుడు మొహమ్మద్ రసూలోఫ్ కూడా నడిచాడు. ఎనిమిదేళ్ళ జైలు శిక్ష పడితే, దేశంలోంచి రహస్యంగా కొండల మీదుగా నడిచి బయటపడ్డ మనిషి. తన సినిమాలో వేసిన ఇద్దరు నటులు ఇరాన్ దాటి రాలేకపోయారు. వాళ్ళ ఫొటోలు చెరో చేత్తో పైకెత్తి పట్టుకుని కెమెరాల ముందు నిలబడ్డాడు. నాకు ఆ తివాచీ మీద గుర్తుండిపోయిన ఫొటో అదొక్కటే. జ్యూరీ అతని సినిమాకి ప్రత్యేక బహుమతి ఇచ్చింది.

బహుమతుల మాటకొస్తే, మనది ర్యాంకుల జాతి. పామ్ డోర్ అంటే ఫస్టు ర్యాంకు, గ్రాండ్ ప్రీ అంటే సెకండు ర్యాంకు, మిగతావి కన్సొలేషన్ అని లెక్క కట్టేస్తాం. పామ్ డోర్, అంటే ఆ బంగారు తాటాకు, మొదటిసారి ఇచ్చింది 1955లో. అంతకుముందు గ్రాండ్ ప్రీయే పెద్ద బహుమతి. 1946లో, ఉత్సవం మొదలైన ఏడే, చేతన్ ఆనంద్ తీసిన 'నీచా నగర్'కి అది వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. అయితే ఆ ఏడు గ్రాండ్ ప్రీ 11 సినిమాలు పంచుకున్నాయి. మన సంఘం పిల్లల పాటల పోటీలో అందరికీ షీల్డులు ఇచ్చి తల్లిదండ్రులతో గొడవ లేకుండా చూసుకుంటామే, యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది దేశాల మధ్య వాళ్ళూ అలాగే చూసుకున్నారేమో అని నా అనుమానం.

ఇప్పుడు మాత్రం లెక్క గట్టిదే. అయినా అది ఎంసెట్ కాదు. తొమ్మిది మంది ఒక గదిలో కూర్చుని వాదించుకుని తేలుస్తారు. వాళ్ళు మారితే ఫలితం మారుతుంది. 1991లో 'బార్టన్ ఫింక్' అనే ఒక్క సినిమాయే పామ్ డోరూ, దర్శకుడి బహుమతీ, నటుడి బహుమతీ మూడూ పట్టుకుపోయింది. ఆ తర్వాత, సాధారణంగా ఒక సినిమాకి ఒకటే అన్న పద్ధతి పెట్టారు. కాబట్టి ఉత్తమ నటుడు అన్న చోట, పెద్ద బహుమతి వచ్చిన సినిమాలోని నటుణ్ణి పక్కన పెట్టి ఇచ్చి ఉండొచ్చు. 2018లో కొరియా దర్శకుడు లీ చాంగ్-డాంగ్ 'బర్నింగ్'కి స్క్రీన్ పత్రిక విమర్శకుల పట్టికలో నాలుక్కి 3.8 వచ్చింది. అప్పటిదాకా ఆ పట్టికలో ఏ సినిమాకీ అంత రాలేదు. ప్రధాన జ్యూరీ చేతిలోంచి దానికి రాలింది సున్నా. 1960లో ఆంటోనియోని 'లవ్వెంచురా'ని ప్రేక్షకులు హాల్లోనే ఎగతాళి చేశారు. అదే సినిమా జ్యూరీ బహుమతి పుచ్చుకుని ఇంటికెళ్ళింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనం ఆకుకొమ్మలు లెక్కపెట్టడం వల్ల నష్టపోయిన ఒక కుర్రాడు నాకు తెలుసు. స్నేహితుడి కొడుకు. చదువుకుంటూనే పన్నెండు నిమిషాల సినిమా తీశాడు. ఇంటర్నెట్‌లో నెలనెలా జరిగే పోటీలుంటాయి. ఏదో పెద్ద ఊరి పేరు, దాని పక్కన 'ఇంటర్నేషనల్' అని తగిలించి ఉంటుంది. ప్రతి దానికీ ఎంట్రీ ఫీజు. విభాగాలు ఎన్ని ఉంటాయంటే, ఏదో ఒకటి రాకపోతేనే ఆశ్చర్యం. నెగ్గారని మెయిలు వస్తుంది, దానితోపాటు ఆకుకొమ్మల బొమ్మ. ట్రోఫీ కావాలంటే దానికి వేరే డబ్బు, పంపడానికి ఇంకొంత. ఏడాదిలో అతని పోస్టరు మీద 17 జతల కొమ్మలు చేరాయి. సినిమా పేరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

మనమేం చేశాం? ఉగాది వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాం. 'అంతర్జాతీయ అవార్డుల గ్రహీత' అని కరపత్రంలో వేశాం. ఆ వాక్యం రాసింది నేనే. ఆ రాత్రి భోజనాల దగ్గర, చేతిలో విస్తరి పట్టుకుని, ఆ అబ్బాయి మెల్లగా అన్నాడు: "అంకుల్, వాళ్ళకి పంపిన లింకు ఎన్నిసార్లు చూశారో నాకు కనపడుతుంది. ఒక్కరూ తెరవలేదు." నా పులిహోర గొంతు దిగలేదు.

ఆ పోటీలు పెట్టేవాళ్ళని తిట్టడం తేలిక. వాళ్ళకి గిరాకీ తెచ్చింది మనలాంటి వాళ్ళమే. సినిమా తీశానని ఎవరైనా చెబితే మన నోట మొదట వచ్చేది "ఎన్ని అవార్డులొచ్చాయి?" అనే. "ఎక్కడ చూడొచ్చు?" అని అడిగినవాళ్ళని నేనైతే చూళ్ళేదు. 'నర్తనశాల'లో కీచకుడికి జకార్తాలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందని మా నాన్న వందసార్లు చెప్పేవారు. కానీ ఆయన ఆ సినిమా చూసింది అంతకంటే ఎక్కువసార్లే. ముందు చూడటం, తర్వాత గర్వం. మా తరానికి ఆ వరస తిరగబడింది.

2024 సంగతికే వద్దాం. 1994లో షాజీ కరుణ్ 'స్వహం' తర్వాత 30 ఏళ్ళకి ఒక భారతీయ సినిమా కాన్ ప్రధాన పోటీలో నిలబడింది. పాయల్ కపాడియా 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్'. గ్రాండ్ ప్రీ తెచ్చుకుంది. గ్రూపులో జేజేలు మారుమోగాయి. భారతదేశంలో దాన్ని విడుదల చేసింది మన రానా దగ్గుబాటి సంస్థే. నవంబరులో ఆ సినిమా ఇక్కడికీ వచ్చింది. మా ఆవిడా నేనూ వెళ్ళేసరికి హాల్లో మొత్తం ఏడుగురు. తెలుగువాళ్ళం మేమే.

ముంబైలో పనిచేసే మలయాళీ నర్సు కథ అది. పెళ్ళయిన కొద్దిరోజులకే భర్త జర్మనీ వెళ్ళిపోయాడు. ఫోన్లు కూడా ఆగిపోయాయి. ఒకరోజు ఆమె గదికి ఒక పార్సిల్ వస్తుంది. పంపినవాళ్ళ పేరుండదు. విప్పితే ఎర్రగా మెరుస్తున్న రైస్ కుక్కర్, జర్మనీలో తయారైంది. ఒక రాత్రి ఆమె నేల మీద కూర్చుని ఆ కుక్కర్‌ని కాళ్ళ మధ్యకి లాక్కుని కావలించుకుంటుంది. ఒక్క మాట ఉండదు. విదేశాల నుంచి పెట్టెలు పంపే మనలాంటి వాళ్ళ గురించి ఇంత సూటిగా చెప్పిన సన్నివేశం నేను ఇంతవరకూ చూడలేదు.

కారులో చాలాసేపు మాట్లాడుకోలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా ఆవిడ అంది, "రెండేళ్ళ కిందట అమ్మకి పంపిన మిక్సీ ఇంకా అట్టపెట్టెలోనే ఉందట."

మన సంఘం హాలు నెలకొక శనివారం ఖాళీగా ఉంటుంది. కాన్, వెనిస్, బెర్లిన్, గోవా పోటీల్లో ఆడిన సినిమాల్లోంచి నెలకొకటి, అనుమతి తీసుకుని వేసుకుందామని కమిటీకి రాశాను. "పాటలుంటాయా?" అని ఒకరు, "పిల్లలతో చూడొచ్చా?" అని ఇంకొకరు అడిగారు. ఉన్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి. మొదటి శనివారం మాత్రం అసలు సినిమాకి ముందు ఆ అబ్బాయి పన్నెండు నిమిషాలు వేద్దాం. పోస్టరు మీద కొమ్మలు వద్దని అతనే అన్నాడు. ప్రొజెక్టరు సంగతి నేను చూసుకుంటాను, టీలు మాత్రం ఎవరైనా పట్టించుకోవాలి.