సైగలు చదివే గ్లవ్: భారమంతా బధిరుల మీదేనా?

గ్లవ్ తొడుక్కుని సైగ చేస్తే ఫోన్ పైకి మాట్లాడేస్తుందనే వార్త ఏళ్ల తరబడి కొత్త వార్తలాగే వస్తోంది. 1980ల చివర్లోనే స్టాన్‌ఫర్డ్‌లో టాకింగ్ గ్లవ్ తయారైంది. 2012లో ఉక్రెయిన్ విద్యార్థుల ఎనేబుల్‌టాక్ గ్లవ్ మైక్రోసాఫ్ట్ విద్యార్థులకి పెట్టే ఇమాజిన్ కప్ పోటీ గెలిచింది, 2016లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ విద్యార్థుల సైన్‌అలౌడ్‌ గ్లవ్‌కి, విద్యార్థుల ఆవిష్కరణలకిచ్చే 10,000 డాలర్ల లెమెల్సన్-ఎంఐటీ బహుమతి వచ్చింది. ఇన్ని బహుమతులొచ్చినా బధిరులు రోజూ వాడుకునే వస్తువు మాత్రం కాలేదు. టెక్నాలజీ ఇంకా ఎదగాలి అనేస్తే సరిపోదు. సమస్య బధిరుల చేతుల్లో ఉందనుకోవడం దగ్గరే తప్పు మొదలైంది.

సైగల భాష అంటే చేతులు ఒక్కటే కాదు. అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో చేతులు అవే సైగలు చేస్తున్నా కనుబొమలు పైకెత్తితే "నువ్వు వెళ్తున్నావు" కాస్తా "నువ్వు వెళ్తున్నావా?" అవుతుంది, తల అడ్డంగా ఊపితే "వెళ్లడం లేదు" అవుతుంది. ఒక మనిషి గురించి చెబుతూ గాల్లో ఓ చోటు చూపించి, ఆ తర్వాత అటు వేలు చూపిస్తే చాలు, ఆ మనిషి గురించేనని అవతలివాళ్లకి తెలిసిపోతుంది. వేళ్ల వంపు కొలిచే సెన్సర్‌కి ఇవేవీ అందవు. బధిరులూ భాషావేత్తలూ సైన్‌అలౌడ్ మీద బహిరంగ లేఖ రాసి మరీ అభ్యంతరం చెప్పారు.

2020లో అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీ పరిశోధకులు తమ గ్లవ్‌తో పాటు ముఖాన్నీ వదల్లేదు, కనుబొమల మధ్య, నోటి పక్కన కూడా సెన్సర్లు అంటించారు. సైగల్ని సరిగ్గా గుర్తించడం 98 శాతం పైనే అన్నారు, పరీక్షించింది మాత్రం నలుగురు బధిరులతో. అంకె సంగతి అలా ఉంచితే, ఎదుటివాడు ఒక్క సైగ కూడా నేర్చుకోకుండా ఉండడానికి బధిరులు ముఖానికి కూడా పరికరాలు అతికించుకుని తిరగాలా?

ఆస్పత్రిలో ఊహించండి. పేషెంట్ కడుపునొప్పి గురించి సైగ చేశాడు, ఫోన్ మాట్లాడింది, డాక్టర్ కంప్యూటర్ వైపు చూస్తూనే "ఎప్పట్నుంచి? ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగేశాడు. ఇప్పుడు గ్లవ్ ఏం చేస్తుంది? అది వినగలిగేవాళ్ల కోసం చేసిన వస్తువు, పేషెంట్‌కి ఆ ప్రశ్నలు చేర్చే దారి అందులో లేదు. అక్కడ కావాల్సింది ఇంటర్‌ప్రెటర్, కనీసం వీడియో కాల్‌లోనైనా.

టెక్నాలజీ వద్దని కాదు నేను చెప్పేది. మాటను అప్పటికప్పుడు స్క్రీన్ మీద అక్షరాల్లో చూపించే లైవ్ ట్రాన్‌స్క్రైబ్‌ని గూగుల్ 2019లో తెచ్చింది. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో దిమిత్రి కనెవ్‌స్కీ స్వయంగా బధిరుడు. తనకి రోజూ అందనిదేంటో ఆయనకి తెలుసు. చదవడం రానివాళ్లకి అది పనికిరాదు, గోలలో తప్పులూ చేస్తుంది, అయినా ఎదుటివాళ్ల మాట బధిరులకి చేరుస్తోంది.

ఇకపై ఇలాంటి గ్లవ్‌లకి బహుమతులిచ్చే జ్యూరీలో సైగల భాష మాట్లాడే బధిరులు ఉండాలి. వేదిక మీద "హలో, నా పేరు ఫలానా" డెమో కాదు, ముక్కూమొహం తెలియని మనిషితో పది నిమిషాలు రెండువైపులా మాట్లాడించి చూడాలి. బాగుందో లేదో చెప్పాల్సింది గ్లవ్ తొడుక్కున్నవాళ్లు.