బాన్యుల్స్‌ని చాక్లెట్‌కే కట్టేస్తే ఎలా?

ఫ్రెంచ్ తీపి వైన్ల గురించి ఎక్కడ చదివినా బాన్యుల్స్ పేరు పక్కనే చాక్లెట్ కనిపిస్తుంది. జోడీ మంచిదే. కానీ ఆ పేరు వల్లే ఈ వైన్ భోజనం చివర్లో, అదీ పండక్కో పబ్బానికో పోసుకునే చిన్న గ్లాసుకి పరిమితమైపోయిందని నాకనిపిస్తుంది.

ఇది స్పెయిన్ సరిహద్దు దగ్గర, పిరనీస్ కొండలు మధ్యధరా సముద్రంలోకి దిగేచోట పుడుతుంది. పలకరాతి వాలుల్లో మెట్లు కట్టి గ్రెనాష్ ద్రాక్ష పెంచుతారు. రసం సగంలో పులుస్తుండగానే దాదాపు 96 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్ పోస్తారు, రసంలో 5 నుంచి 10 శాతం దాకా. దాంతో ఈస్ట్ పని ఆగిపోతుంది, ద్రాక్షలోని చక్కెర కొంత అలాగే ఉండిపోతుంది. పంచదార కలిపిన తీపి కాదన్నమాట. 13వ శతాబ్దం చివర్లో దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో వైద్యం బోధించిన అర్నో ద విల్‌నెవ్‌కి ఈ పద్ధతి ఘనత ఇస్తారు. పోర్చుగల్ పోర్ట్‌లో పోసే స్పిరిట్ ఇంతకన్నా చాలా ఎక్కువ, అందుకే అది మరింత ఘాటు.

చాక్లెట్‌తో ఎందుకు కుదురుతుంది? తినేదానికన్నా తాగేది తియ్యగా లేకపోతే వైన్ పుల్లగా, పలచగా అనిపిస్తుంది. మామూలు రెడ్ వైన్‌తో డార్క్ చాక్లెట్ తింటే వగరూ చేదూ రెండూ నాలుకని పట్టేస్తాయి. బాన్యుల్స్‌లో తీపి ఆ చేదుని మోస్తుంది. పీపాల్లో ఏళ్ల తరబడి గాలి తగిలి వచ్చిన కాఫీ, కోకో, ఎండు అత్తిపండు వాసనలు మిగతా పని చూసుకుంటాయి. సీసా మీద గ్రాన్ క్రూ (పై శ్రేణి బాన్యుల్స్) అని రాసి ఉంటే కనీసం 30 నెలలు చెక్కలో ఉన్నట్టు. మిల్క్ చాక్లెట్‌తో మాత్రం వద్దు, గులాబ్‌జామ్‌తో అసలే వద్దు. ఆ పాకం ముందు ఈ వైన్ తేలిపోతుంది.

నాకు ఇంతకన్నా నచ్చే జోడీ ఉప్పుది. రోక్‌ఫోర్ లాంటి నీలి బూజు చీజ్ ఉప్పగా, ఘాటుగా ఉంటుంది. దాని పక్కన ఇదే ప్రాంతపు తీపి వైన్లయిన మోరీ గానీ రివ్సాల్ట్ గానీ పాతబడినవి పెడితే ఉప్పు తీపిని పైకి లేపుతుంది, తీపి ఉప్పుని తగ్గిస్తుంది. బాన్యుల్స్ పక్క ఊరు కొల్యూర్ ఉప్పులో ఊరబెట్టిన నెత్తళ్లకి పేరు. తీపి తక్కువున్న, బాగా పాతబడిన బాన్యుల్స్ వాటికి సరిపోతుంది. చేపతో తీపి వైనా అని మొహం చిట్లించేవాళ్లు ఒక్కసారి రుచి చూడాలి. బాతు మాంసాన్ని అత్తిపండ్లతో వండినప్పుడూ అంతే.

మస్కట్ అనే సువాసన ద్రాక్షతో చేసే తెల్ల తీపి వైన్ల సంగతి వేరు. బోమ్-ద-వెనీజ్ మస్కట్ చల్లగా, ఖర్బూజాతో బాగుంటుంది, పాతబడే దాకా ఆగక్కర్లేదు.

ఫ్రాన్స్‌లో ఒకప్పుడు ఈ వైన్లని భోజనానికి ముందే తాగేవాళ్లు. ఆ అలవాటు తగ్గాక రైతులు అవే తోటల నుంచి తీపి లేని వైన్ తీయడం మొదలుపెట్టారు. కొల్యూర్ పేరుతో వచ్చే తీపి లేని వైన్‌కి 1971లో, తీపి లేని మోరీకి 2011లో అధికారిక గుర్తింపు వచ్చింది. వాళ్లని తప్పుపట్టలేం, అమ్ముడుపోని సరుకుని ఏళ్ల తరబడి పీపాల్లో ఎవరు పెట్టుకుంటారు? రెస్టారెంట్లు మాత్రం బాన్యుల్స్‌ని డెజర్ట్ పేజీ నుంచి చీజ్ పేజీకి మార్చి చూడొచ్చు. దానికి పెద్ద ఖర్చేం కాదు.